జాబితాలో కోట్స్ పెట్టినా పి. గన్నవరం ముక్కలైపోతోందా?

మా కోనసీమలో ఊరి పేర్లలోనే ఖాళీలుంటాయి, పి. గన్నవరం, ఐ. పోలవరం, అందుకే ఫొటో ఫైళ్ల పేర్లలోకీ అవే వస్తాయి. అక్విడక్టు, లాకుల ఫొటోలు పెన్‌డ్రైవ్‌కి ఎక్కించాలని పేర్లన్నీ ఒక ఫైల్‌లో రాసి, ఒక్కోదానికి డబుల్ కోట్స్ కూడా పెట్టి, బ్యాష్‌లో (మనం టైప్ చేసిన కమాండ్లని నడిపే షెల్) ఇలా కొట్టాను. సీపీ కాపీ చేసేది, క్యాట్ ఫైల్‌లో ఉన్నది చదివి ఇచ్చేది; కమాండ్లని ఇక్కడ తెలుగు లిపిలో రాశాను, మీరు $పేరుతో సహా ఇంగ్లీషు అక్షరాల్లోనే టైప్ చేయండి:

సీపీ $(క్యాట్ జాబితా) పెన్‌డ్రైవ్/

ఏం జరుగుతుంది: "పి. అనే ఫైల్ లేదు, గన్నవరం.జేపీజీ" అనే ఫైల్ లేదు అని వరసగా ఎర్రర్లు. ఆ ఎర్రర్లలో కోట్ గుర్తు కూడా కనిపిస్తుంది చూడండి, అసలు ఆధారం అదే.

ఎందుకు: కోట్స్‌ని షెల్ గుర్తించేది మనం టైప్ చేసిన లైన్‌ని చదివేటప్పుడే. క్యాట్ తెచ్చిచ్చిన అక్షరాలు ఆ తర్వాత వస్తాయి, వాటిని ఖాళీ, ట్యాబ్, కొత్త లైన్ దగ్గర కోసేస్తుంది తప్ప లోపలి కోట్స్‌ని పట్టించుకోదు, అవి పేరులో మామూలు అక్షరాలైపోతాయి. అనుమానముంటే సీపీ బదులు ప్రింట్‌ఎఫ్ '<%ఎస్>\ఎన్' పెట్టి చూడండి, ఎన్ని ముక్కలయ్యాయో కళ్లముందే తెలుస్తుంది. $(క్యాట్ జాబితా) మొత్తానికి కోట్స్ పెడితే జాబితా అంతా కలిసి ఒకే పొడుగాటి పేరైపోతుంది, అదీ పనికిరాదు.

ఈవాల్ (వచ్చిన అక్షరాల్ని షెల్ చేత మళ్లీ కమాండ్‌గా చదివించేది) పెడితే పని అవుతుందని చాలామంది చెబుతారు. దయచేసి వద్దు. జాబితాలో ఎవరైనా కమాండ్ రాసి ఉంటే అది కూడా నడిచిపోతుంది.

ఏం చేయాలి: జాబితాలో కోట్స్ తీసేసి లైన్‌కి ఒక పేరు రాయండి. తర్వాత:

వైల్ ఐఎఫ్ఎస్= రీడ్ -ఆర్ పేరు; డూ సీపీ "$పేరు" పెన్‌డ్రైవ్/; డన్ < జాబితా

ఇక్కడ $పేరు చుట్టూ ఉన్న కోట్స్ మనం టైప్ చేసినవి, కాబట్టి పనిచేస్తాయి. చివరి లైన్ తర్వాత ఎంటర్ కొట్టకపోతే ఆఖరి ఫొటో కాపీ కాదు, అది మర్చిపోకండి.

ఎక్స్‌ఆర్గ్స్ (జాబితాలోని పేర్లని ఇంకో కమాండ్‌కి అందించేది) దారి వేరు. అది కోట్స్‌ని తనే చదువుకుంటుంది, కాబట్టి కోట్స్ ఉన్న జాబితా దానికి సరిపోతుంది, కానీ కోట్స్ లేకుండా కాటన్'స్ బ్యారేజీ.జేపీజీ అని ఒక్క పేరు తగిలిందా, సింగిల్ కోట్‌కి జత దొరకలేదని ఆగిపోతుంది. గ్నూ ఎక్స్‌ఆర్గ్స్‌లో -డీ '\ఎన్' ఇస్తే కోట్స్‌ని మామూలు అక్షరాలుగానే చూసి లైన్లవారీగా తీసుకుంటుంది. జీసీసీకి (సీ ప్రోగ్రాముల కంపైలర్) @ గుర్తుతో ఇచ్చే ఫైల్‌లో కూడా కోట్స్ పనిచేస్తాయి, ఎందుకంటే దాన్ని చదివేది జీసీసీయే, షెల్ కాదు.

అన్నీ సరిగ్గా ఉన్నా ఫైల్ లేదంటోందా? జాబితా విండోస్ నోట్‌ప్యాడ్‌లో రాసి ఉంటారు, ప్రతి పేరు చివర కనపడని క్యారేజ్ రిటర్న్ అంటుకుని ఉంటుంది. క్యాట్ -ఏ తో వెతికితే తెలుగు అక్షరాలు గజిబిజిగా వచ్చి ఏమీ అర్థం కాదు, దానికంటే ఫైల్ అనే కమాండ్‌కి జాబితా ఇవ్వండి, సీఆర్ఎల్ఎఫ్ అని చెప్పిందంటే ఆ క్యారేజ్ రిటర్న్ ఉన్నట్టే, వాటిని తీసేసే డాస్‌టుయూనిక్స్ ఒకసారి నడిపితే చాలు.