ఉప్పుగాలి తగిలే ఊళ్లలో ఎలక్ట్రిక్ కారు బ్రేకులు ఎలా చూసుకోవాలి?

మొన్న వానాకాలంలో పది రోజులు ఊళ్లో లేం. తిరిగొచ్చి కారు తీయబోతే కదల్లేదు. ఎక్సలేటర్ ఇంకాస్త తొక్కితే వెనక చక్రం దగ్గర టప్పున చప్పుడై కదిలింది. దిగి వంగి చూస్తే, చక్రంతో పాటు తిరిగే బ్రేకు డిస్కు మీద దాన్ని నొక్కిపట్టే ప్యాడ్ అచ్చు, చుట్టూ ఎర్రటి తుప్పు. మాది మలికిపురం దగ్గర, సముద్రానికి దూరం కాదు. ఇలాంటి చోట ఎలక్ట్రిక్ కారు బ్రేకులకు అరుగుదల కన్నా పని లేకపోవడమే పెద్ద జబ్బు.

ఎక్సలేటర్ మీంచి కాలు తీయగానే మోటారే జనరేటర్‌గా మారి బండి వేగం తగ్గిస్తుంది, ఆ కరెంటు బ్యాటరీలోకి పోతుంది. దీన్నే రీజెన్ అంటారు. దాంతో ప్యాడ్లకు పని తగ్గి డిస్కు మీద తుప్పు అలాగే ఉండిపోతుంది. ప్యాడ్లను డిస్కుకు నొక్కే భాగం కాలిపర్. అది జరిగే పిన్నులు బిగుసుకుంటే ఒక చక్రానికి బ్రేకు పడుతుంది, ఇంకోదానికి పడదు, బండి పక్కకు లాగుతుంది.

అందుకే వారానికోసారి ఖాళీ రోడ్డు చూసుకుని, రీజెన్‌ను బాగా తగ్గించి, యాభై స్పీడులో ఐదారుసార్లు బ్రేకు గట్టిగా తొక్కండి. వెనక ఎవరూ లేరని అద్దంలో చూసుకున్నాకే. ధాన్యం ఆరబోసిన రోడ్డు మీద మాత్రం వద్దు, జారుతుంది. కొన్ని కార్లలో పెడల్ తొక్కినా ముందు రీజెనే అందుకుంటుంది. వాటికి ఫుల్ ఛార్జింగ్ పెట్టిన ఉదయం ఈ పని చేయండి. బ్యాటరీలో ఖాళీ లేక రీజెన్ తగ్గి, ప్యాడ్లే పట్టాల్సి వస్తుంది.

"బ్రేకు ఫెయిలైంది" అని కొందరు కంగారుపడేదీ ఇక్కడే. ఫుల్ ఛార్జింగ్‌తో చించినాడ వంతెన దిగుతూ కాలు తీస్తే బండి రోజూలా ఆగదు. టెన్షన్ పడక్కర్లేదు, పెడల్ తొక్కితే ఆగుతుంది.

తర్వాత బ్రేక్ ఆయిల్. గాలిలోని తేమను పీల్చుకునే గుణం దానికుంది. డాట్ 4 రకం ఆయిల్ కొత్తగా ఉన్నప్పుడు కనీసం 230 డిగ్రీల దాకా మరగదు, తేమ బాగా పట్టాక ఆ హద్దు 155కి పడిపోవచ్చు. ఆయిల్ మరిగి బుడగలొస్తే పెడల్ మెత్తగా లోపలికి దిగిపోతుంది. బండి తక్కువే తిరిగినా రెండేళ్లకోసారి మార్పించండి, మీ మాన్యువల్లో ఇంకా తక్కువ గడువుంటే అదే పాటించండి. డబ్బాలో మట్టం తగ్గితే పైన పోసి ఊరుకోవద్దు. ప్యాడ్లు అరిగాయో, ఎక్కడైనా కారుతోందో తేల్చాలి.

పెడల్ రాయిలా బిగుసుకుంటే, మన కాలి బలాన్ని పెంచి బ్రేకుకు అందించే బూస్టర్ సాయం అందట్లేదన్నమాట. పెద్ద బ్యాటరీ ఎంత బాగున్నా, చిన్న 12 వోల్టుల బ్యాటరీ నీరసపడితే చాలా కార్లలో ఇలా అవ్వచ్చు. బలమంతా పెట్టి తొక్కితే బ్రేకు కొంత పడుతుంది. అన్నట్టు, పెడల్ కిందికి జరిగిన మ్యాట్ కూడా చూసుకోండి.

నడుస్తుండగానే బ్రేకు పోతే పెడల్‌ను గబగబా పంపు కొట్టినట్టు తొక్కండి. కాలు ఎక్సలేటర్ మీద పెట్టకుండా రీజెన్ పూర్తిగా పెంచండి. పార్కింగ్ బ్రేక్ బటన్ ఉంటే లాగి అలాగే పట్టుకోండి, చాలా కార్లలో అది అత్యవసర బ్రేకుగా పనిచేస్తుంది. చేతి లివరైతే కొద్దికొద్దిగా లాగాలి. కారు మాత్రం ఆఫ్ చేయొద్దు, స్టీరింగ్ బరువెక్కుతుంది. మన గట్ల మీద ఒకపక్క కాలవ, ఇంకోపక్క రొయ్యల చెరువు!

వానలకు ముందు సర్వీసుకిచ్చినప్పుడు కాలిపర్ పిన్నులు శుభ్రం చేసి గ్రీజు పెట్టమని నోరు తెరిచి అడగండి. "ప్యాడ్లు కొత్తవాటిలానే ఉన్నాయండి" అంటారు. అయినా చక్రం విప్పించి, పక్కనే నిలబడి చూడండి.