మిర్చి సీజన్‌లో ఏఐ రాసిన క్వెరీ నడిపే ముందు చూసుకోవాల్సినవి

సంక్రాంతి దాటిందంటే గుంటూరు యార్డుకు కొత్త మిర్చి జోరందుకుంటుంది. అప్పటి నుంచి వేసవి సెలవులు ఇచ్చేదాకా కమీషన్ కొట్లలో లెక్కలు చూసేవాళ్లకు ఊపిరి ఆడదు. మధ్యలో మార్చి 31 కూడా వచ్చి పడుతుంది. ఇదివరకు ఒక రిపోర్టు కావాలంటే డేటాబేస్ పని చేసే నాలాంటివాళ్లకు ఫోన్ చేసి రెండు రోజులు ఆగేవారు. ఇప్పుడు కొట్లో కూర్చున్న కుర్రాళ్లే ఏఐని అడిగి ఎస్‌క్యూఎల్ క్వెరీ (డేటాబేస్‌కు ఇచ్చే ఆదేశం) రాయించుకుని డేటాబేస్‌లో వేసేస్తున్నారు. వద్దని అనను, నేనూ రోజూ రాయించుకుంటాను. కానీ అందులో తప్పు పోతే ఆ దెబ్బ తగిలేది రైతుకి. అందుకే సీజన్ ముదరకముందే ఇది రాస్తున్నాను.

బ్రాకెట్ మూయకపోయినా, లేని టేబుల్ పేరు రాసినా డేటాబేసే ఎర్రర్ చూపించి ఆగిపోతుంది. దానితో నష్టం లేదు. క్వెరీ చక్కగా నడిచి, నిండుగా అంకెలు చూపించి, ఆ అంకెలే తప్పైతేనే ప్రమాదం.

పోయిన సీజన్‌లో నాకు తెలిసిన ఒక కొట్టులో జరిగింది చెబుతాను. ఒక్కో రైతుకు ఇంకా ఎంత ఇవ్వాలో ఏఐ చేత క్వెరీ రాయించారు. లిస్టు ప్రింటు తీసి పెద్ద గుమాస్తా గారి చేతిలో పెట్టారు. ఆయన మొదటి పేజీలోనే వేలు పెట్టి ఆపారు. "ఏమయ్యా, ఈయన తెచ్చింది 20 క్వింటాళ్లు. క్వింటా 12,000 చొప్పున పోయింది. బిల్లు 4,80,000 ఎట్లా అవుతుంది?" నిజమే, 2,40,000 కావాలి. ఆ రైతుకి ఒకసారి లక్ష, ఇంకోసారి 50 వేలు ఇచ్చారు. బిల్లుల టేబుల్‌లో ఒక వరస, చెల్లింపుల టేబుల్‌లో రెండు వరసలు. రెండు టేబుళ్లనూ జాయిన్ చేసేసరికి, అంటే రైతువారీగా వరసలు కలిపేసరికి, బిల్లు రెండుసార్లు వచ్చి కూర్చుంది, కూడిక చేసే సమ్ దాన్ని రెండుసార్లు కూడింది. బాకీ 90,000 ఉండాల్సినచోట 3,30,000 చూపించింది.

అసలు భయం తర్వాత పుట్టింది. "మొత్తం రెట్టింపు వస్తోంది, సరిచెయ్యి" అని ఏఐని అడిగితే అది సమ్ లోపల డిస్టింక్ట్ అని చేర్చింది. ఈ రైతు లెక్క సరిపోయింది. అందరూ హమ్మయ్య అనుకున్నారు. నాలుగు పేజీల తర్వాత ఇంకో రైతు ఉన్నాడు. ఆయనవి రెండు లాట్లు (విడివిడిగా అమ్మిన సరుకు), రెండూ సరిగ్గా 96,000 చొప్పున పోయాయి. డిస్టింక్ట్ అంటే ఒకే అంకె రెండుసార్లు ఉంటే ఒకసారే లెక్కేస్తుంది. ఒక లాట్ డబ్బు మొత్తం మాయం. ఆ లిస్టు ప్రకారం చెల్లించి ఉంటే ఏమయ్యేదో ఊహించండి. సరైన దారి ఏమిటంటే, చెల్లింపుల్ని ముందుగా రైతువారీగా విడిగా కూడుకోవాలి, బిల్లుల్నీ అలాగే విడిగా కూడుకోవాలి, ఆ తర్వాతే రెండు మొత్తాల్నీ జాయిన్ చేయాలి. ఏఐ రాసిన క్వెరీలో జాయిన్, సమ్ రెండూ కనిపిస్తే ముందు ఇదే చూడండి. అడగకుండానే డిస్టింక్ట్ కనిపిస్తే ఎందుకు పెట్టిందో తేలేదాకా నడపకండి.

ఇవ్వాల్సిన డబ్బు విషయంలోనే ఇంకో గొయ్యి ఉంది. "ఇంకా డబ్బేమీ అందని రైతులు ఎవరు?" అని అడిగితే ఏఐ తరచుగా నాట్ ఇన్ (ఆ జాబితాలో లేనివాళ్లు అని) వాడుతుంది. చెల్లింపుల టేబుల్‌లో రైతు నంబరు నింపకుండా వదిలేసిన ఎంట్రీ ఒక్కటున్నా, అంటే నల్ ఒక్కటున్నా, ఫలితంలో ఒక్క వరస కూడా రాదు. తెర ఖాళీగా ఉంటే బాకీలన్నీ తీరిపోయాయనుకుంటాం. రద్దీలో పేరు తర్వాత వేద్దామని వదిలేసిన ఎంట్రీలు లేని కొట్టు నేను చూడలేదు. నాట్ ఇన్ బదులు నాట్ ఎగ్జిస్ట్స్ పెట్టి రాయమనండి. చెల్లింపు లేని రైతునూ జాబితాలో ఉంచే లెఫ్ట్ జాయిన్ రాసి, కింద వేర్‌లో చెల్లింపు తేదీ మీద షరతు పెట్టినా ఇంతే. డబ్బు అందని రైతులు జాబితాలోంచి జారిపోతారు. ఆ షరతు జాయిన్‌లోని ఆన్ పక్కన ఉండాలి.

తేదీల సంగతి. తేదీతో పాటు టైము కూడా దాచే కాలమ్‌లో మార్చి 1కీ 31కీ మధ్య అని బిట్వీన్ రాస్తే, 31వ తేదీ మొదలయ్యే అర్ధరాత్రి దాటాక ఆ రోజంతా పడిన ఎంట్రీలేవీ రావు. సంవత్సరాంతంలో ఆ ఒక్క రోజు పోతే ఆడిటర్ ముందు ఏం చెబుతాం? "మార్చి 1 నుంచి, ఏప్రిల్ 1కి లోపు" అని రాయించండి. ఈ సంవత్సరం అని ఊరికే అడిగితే అది జనవరి నుంచి లెక్కేయవచ్చు, మన ఖాతా ఏప్రిల్‌లో మొదలవుతుందని విడిగా చెప్పాలి. సర్వర్ టైము యూటీసీలో (ప్రపంచ ప్రామాణిక సమయంలో) ఉంటే మనకంటే అయిదున్నర గంటలు వెనక. తెల్లవారుజామున 4 గంటలకు లారీ దిగి ఎంట్రీ పడిన లాట్ నిన్నటి తేదీలోకి పోతుంది. యార్డుకు సరుకు వచ్చేదే రాత్రుళ్లు కదా.

సగటు ధర అడిగేటప్పుడూ జాగ్రత్త. 2 క్వింటాళ్లు 15,000కు, 98 క్వింటాళ్లు 12,000కు పోయాయనుకోండి. ఏవరేజ్ అని ఊరికే రాస్తే 13,500 వస్తుంది. మొత్తం డబ్బును మొత్తం క్వింటాళ్లతో భాగిస్తే వచ్చేది 12,060. మన మాటల్లో సగటంటే రెండోదే. ఇంకోటి, ఏసీ సరుకు ధర వేరు, కొత్త సరుకు ధర వేరు. మనం ఏసీ అంటే కోల్డ్ స్టోరేజీ అని ఏఐకి ఎలా తెలుస్తుంది? తెలిసి రాసినా, మిర్చి రకాల గురించి "తేజ లేదా 334, అందులో ఏసీవి మాత్రమే" అన్నప్పుడు ఆర్, యాండ్ కలిసే చోట బ్రాకెట్లు పెట్టకపోతే తేజ మొత్తం వచ్చేస్తుంది, ఏసీ షరతు 334కే పడుతుంది. రకాల పేర్లు మీ డేటాబేస్‌లో ఎన్ని స్పెల్లింగులతో ఉన్నాయో కూడా ఒకసారి చూసుకోండి.

ఇన్ని గుర్తుంచుకోవడం టెన్షనే. అందుకని నేను పాటించే పద్ధతి ఒకటి చెబుతాను. క్వెరీ అడగకముందే ముగ్గురు రైతుల్ని ఎంచుకోండి. ఒకరిది మామూలు లెక్క, ఒకరికి రెండు లాట్లూ రెండు మూడు చెల్లింపులూ ఉండాలి, ఒకరికి ఇంకా ఏమీ ఇచ్చి ఉండకూడదు. ముగ్గురి లెక్కా కాగితం మీద చేత్తో వేయండి. క్వెరీ ఫలితం ఆ మూడింటితోనూ పైసలతో సహా కలవాలి. ఏఐనే "ఇది కరెక్టేనా" అని అడిగి ఊరుకోకండి, తప్పున్నా కరెక్టేనని చెప్పవచ్చు. దాని బదులు క్వెరీలోని ఒక్కో వరస ఏం చేస్తుందో తెలుగులో చెప్పమనండి. మీరు అడిగినదానికీ అది చెప్పినదానికీ తేడా అక్కడ దొరుకుతుంది. రైతుల ఆధార్, బ్యాంకు నంబర్లు మాత్రం దానికి ఇవ్వకండి, టేబుళ్ల నిర్మాణం చెబితే చాలు.

రిపోర్టులకు చదవడానికి మాత్రమే హక్కున్న యూజర్‌ను వాడండి. అప్‌డేట్, డిలీట్ చేయాల్సివస్తే అదే వేర్ పెట్టి ముందు సెలెక్ట్‌తో ఎన్ని వరసలో లెక్కించండి. ట్రాన్సాక్షన్ మొదలుపెట్టి నడపండి, అంకె కలిస్తే కమిట్ (ఖాయం చేయడం), లేకపోతే రోల్‌బ్యాక్ (వెనక్కి తీసుకోవడం). మై ఎస్‌క్యూఎల్ అనే డేటాబేస్‌లో ఆటోకమిట్ (దానంతటదే ఖాయం చేయడం) మామూలుగా ఆన్‌లోనే ఉంటుంది, ట్రాన్సాక్షన్ మీరే మొదలుపెట్టాలి. తెరిచిన ట్రాన్సాక్షన్ వదిలేసి టీకి వెళ్లకండి, కాటా దగ్గర ఎంట్రీలు ఆగిపోవచ్చు.

డిలీట్‌లో ఇన్ లోపల ఇంకో సెలెక్ట్ ఉంటే, అందులోని కాలమ్ ఆ టేబుల్‌లో నిజంగా ఉందో లేదో చూడండి. లేకపోయినా, అదే పేరుతో బయటి టేబుల్‌లో కాలమ్ ఉంటే డేటాబేస్ ఎర్రర్ ఇవ్వదు. ఆ బయటి కాలమ్‌నే తీసుకుంటుంది, షరతు అన్ని వరసలకూ సరిపోయి టేబుల్ మొత్తం ఊడ్చుకుపోతుంది. టేబుల్ పేరు ముందు పెట్టి కాలమ్ రాస్తే ఈ తప్పు అక్కడే బయటపడుతుంది. పోస్ట్‌గ్రెస్ డేటాబేస్ వాడేవాళ్లకు ఒక మాట. డిలీట్ ముందు ఉత్త ఎక్స్‌ప్లెయిన్ (ఎలా నడుస్తుందో చూపించమనే మాట) పెడితే ఏమీ చెరగదు, ఎక్స్‌ప్లెయిన్ అనలైజ్ పెడితే నిజంగానే చెరిగిపోతుంది.

బ్యాకప్ రోజూ పడుతోందని అందరూ చెబుతారు. సరుకు ఇంకా పల్చగా దిగే ఈ రోజుల్లోనే దాన్ని వేరే కంప్యూటర్‌లోకి ఎక్కించి, నిన్నటి లాట్లు కనిపిస్తున్నాయో లేదో చూడండి. ఏఐ రాసిన కొత్త క్వెరీ ఏదైనా ముందు ఆ కంప్యూటర్‌లోనే నడపండి. ఫిబ్రవరి నెలాఖరుకల్లా ఈ పనికి మీకు తీరిక దొరకదు.