భాగహారం చేయకుండానే పోతుందో లేదో చెప్పేయడం ఎలా

91/143 అనే భిన్నం కనిపిస్తే చాలామంది ఇందులో కొట్టేయడానికి ఏమీ లేదని అలాగే వదిలేస్తారు. రెండూ బేసి సంఖ్యలు, 3తో పోవు, 5తో పోవు, ఇంకేముందిలే అనుకుంటాం. నిజానికి పైదీ కిందదీ రెండూ 13వ ఎక్కంలో పోతాయి, మిగిలేది 7/11. ఇలాంటివి పట్టుకోవడానికే భాజనీయతా సూత్రాలు ఉన్నాయి. చిన్నప్పుడు అందరం బట్టీ పట్టినవే, కాకపోతే సగం మర్చిపోయి, మిగిలిన సగం ఒకదానిలో ఒకటి కలిపేసి వాడుతుంటాం. అలా కలిసిపోకుండా ఉండాలంటే ప్రతి సూత్రం దగ్గరా ఒకే ప్రశ్న వేసుకోండి: 10, 100, 1000లను ఈ సంఖ్యతో భాగిస్తే ఎంత మిగులుతుంది? దాదాపు అన్ని సూత్రాలూ అందులోంచి పుట్టినవే.

2, 5, 10 గురించి పెద్దగా చెప్పేదేం లేదు. 10 వాటితో శేషం లేకుండా పోతుంది కాబట్టి పదుల స్థానం నుంచి ఎడమవైపు ఏమున్నా మనకు అనవసరం, ఒకట్ల స్థానం చూస్తే చాలు. 4తో 10 పోదు కానీ 100 పోతుంది, అందుకని చివరి రెండంకెలు చూడాలి. 8తో 100 కూడా పోదు, 1000 పోతుంది, కాబట్టి చివరి మూడంకెలు. ఉదాహరణకు 7,38,152 ఉందనుకోండి. చివరి 52 4తో పోతుంది, 152 8తో పోతుంది, కాబట్టి మొత్తం సంఖ్య రెండింటితోనూ పోతుంది, ముందున్న 738ని చూడనే లేదు. ఆ 152 8తో పోతుందో లేదో చూడటమే కష్టం అనిపిస్తే ఒక అడ్డదారి ఉంది: వందల స్థానంలో సరి అంకె ఉంటే దాన్ని వదిలేసి చివరి రెండంకెలు 8తో పోతాయా అని చూడండి, బేసి అంకె ఉంటే ఆ రెండంకెలకు 4 కలిపి చూడండి. 152లో 1 బేసి, 52 + 4 = 56, ఏడు ఎనిమిదులు. 100 అంటే 96 + 4 కదా, ఆ 4 ఇదే.

లీపు సంవత్సరం లెక్క కూడా ఇక్కడిదే. చివర 00 ఉన్న సంవత్సరమైతే 400తో పోవాలి, అంటే రెండు సున్నాలు తీసేసి మిగిలింది 4తో పోతుందా అని చూడటమే. 20 పోతుంది కాబట్టి 2000 లీపు సంవత్సరం, 19 పోదు కాబట్టి 1900 కాదు.

ఇక 3, 9. ఇక్కడ ఎక్కువమంది చేసే తప్పు చివరి అంకె చూడటం. 13, 23, 43 చివర 3 ఉంది, ఒక్కటీ 3తో పోదు. 10ని 3తో భాగించినా, 9తో భాగించినా 1 మిగులుతుంది, 100ని భాగించినా 1 మిగులుతుంది, 1000కీ అంతే. అంటే 472లో ఉన్న నాలుగు వందల్లో ఒక్కో వంద నుంచి 99 తీసి పక్కన పెడితే 4 మిగులుతాయి, ఏడు పదుల్లో ఒక్కో పది నుంచి 9 తీసేస్తే 7 మిగులుతాయి, ఒకట్లు ఎలాగూ 2. చేతిలో మిగిలింది 4 + 7 + 2 = 13. అంకెల మొత్తం అని మనం చేసేది ఇదే. 13 9తో పోదు, 4 మిగులుతుంది, 472ని 9తో భాగించినా మిగిలేది ఆ 4 మాత్రమే. అంటే ఈ సూత్రం పోతుందా పోదా అన్న సంగతితో పాటు శేషం ఎంతో కూడా చెప్పేస్తుంది, చాలామంది వాడుకోని సంగతి ఇది. పెద్ద సంఖ్య అయితే అన్నీ కూడుకుంటూ కూర్చోకండి, 9 కనిపిస్తే కొట్టేయండి, 4-5, 7-2 లాంటి జంటలు కనిపించినా కొట్టేయండి.

గుణకారం సరిచూసుకోవడానికి నేను దీన్ని తెగ వాడతాను. 347 × 286 = 99,242 అని వచ్చిందనుకోండి. 347 అంకెలు కూడితే 14, మళ్లీ కూడితే 5. 286కి 16, అంటే 7. 5 × 7 = 35, అంటే 8. జవాబులో రెండు 9లు కొట్టేస్తే 2 + 4 + 2 = 8, సరిపోయింది. ఇలా సరిపోనప్పుడు తప్పు ఖాయం, సరిపోతే మాత్రం ఒప్పని గ్యారంటీ లేదు. 99,242ని కంగారులో 99,422 అని రాసినా అంకెల మొత్తం అదే కాబట్టి ఈ పరీక్ష దాన్ని పట్టుకోలేదు. ఇదే విషయాన్ని తిరగేసి వాడుకోవచ్చు కూడా: రెండు చోట్ల ఉండాల్సిన ఒకే మొత్తం తేడా వచ్చి, ఆ తేడా సరిగ్గా 9తో పోతోందంటే (5,380 బదులు 5,830 రాస్తే తేడా 450) ముందుగా ఎక్కడో రెండంకెలు తారుమారయ్యాయేమో వెతకండి.

ఆ తారుమారుని పట్టుకునేది 11. 10 అంటే 11కి ఒకటి తక్కువ, 100 అంటే 99కి ఒకటి ఎక్కువ, 1000 అంటే 1001కి ఒకటి తక్కువ, ఇలా ఒకటి విడిచి ఒకటి. అందుకే కుడి నుంచి మొదలుపెట్టి ఒక అంకె కలుపుతూ, తర్వాతిది తీసేస్తూ పోవాలి. 9,18,082కి 2 − 8 + 0 − 8 + 1 − 9 = −22. మైనస్ వచ్చిందని టెన్షన్ పడక్కర్లేదు, 22 11తో పోతుంది కాబట్టి సంఖ్యా పోతుంది. 0 వచ్చినా పోయినట్టే, చాలామంది అక్కడ ఆగిపోయి అనుమానపడతారు. ఇందాకటి 99,242కి 2 − 4 + 2 − 9 + 9 = 0, 286 ఎలాగూ 11తో పోయే సంఖ్యే కాబట్టి సరిపోయింది, తప్పుగా రాసిన 99,422కి 4 వస్తుంది, దొరికిపోయింది.

6, 12, 15, 72 లాంటి వాటిని రెండు ముక్కలు చేసి చూస్తాం, కానీ ఆ రెండింటికీ 1 తప్ప వేరే ఉమ్మడి కారణాంకం ఉండకూడదు. 12కి 3, 4 చూడాలి, 2, 6 చూస్తే మోసపోతాం: 18 రెండింటితోనూ పోతుంది, 12తో పోదు. పోటీ పరీక్షల్లో బాగా వచ్చే రకం లెక్క ఒకటి చూద్దాం. 4A56B అనే అయిదంకెల సంఖ్య 72తో పోవాలి, A, B ఎంత? 72 అంటే 8, 9. ముందు 8 పట్టుకోండి, చివరి మూడంకెలు 56B కాబట్టి B 0 కావాలి, లేదా 8 కావాలి. చాలామంది 0 దొరకగానే ముందుకెళ్లిపోతారు, పొరపాటు అక్కడే. B = 0 అయితే అంకెల మొత్తం 15 + A, కాబట్టి A = 3, సంఖ్య 43,560. B = 8 అయితే మొత్తం 23 + A, కాబట్టి A = 4, సంఖ్య 44,568. రెండూ సరైన జవాబులే. 9తో మొదలుపెడితే మాత్రం A, B రెండూ తెలియక చాలాసేపు తిప్పలు పడతారు.

ఇప్పుడు అందరూ భయపడే 7. చివరి అంకెను రెట్టింపు చేసి, మిగిలిన సంఖ్యలోంచి తీసేయాలి. 2,394కి 239 − 8 = 231, మళ్లీ 23 − 2 = 21, పోతుంది. ఇది ఎందుకు పనిచేస్తుందంటే ఏడు మూళ్లు 21, చివర 1 ఉంది కాబట్టి. ఒకట్ల స్థానంలో ఎంతుంటే అన్ని 21లు తీసేస్తే అక్కడ సున్నా వస్తుంది, 2,394 నుంచి నాలుగు 21లు, అంటే 84 తీస్తే 2,310, ఆ సున్నా పారేస్తే 231. ఒక జాగ్రత్త: ఇది పోతుందో లేదో మాత్రమే చెబుతుంది, 9లాగా శేషం చెప్పదు. నా మట్టుకు మూడంకెల సంఖ్యలకు ఈ సూత్రం దండగ, 700, 350, 140 తీసేసుకుంటూ పోవడమే త్వరగా తేలుతుంది.

పెద్ద సంఖ్యలకు ఇంకో దారి ఉంది. 7 × 11 × 13 = 1001. కాబట్టి కుడి నుంచి మూడేసి అంకెలు విడగొట్టి, ఒక గుంపు కలిపి ఒకటి తీసేస్తే మూడు పరీక్షలూ ఒకేసారి అయిపోతాయి. 4,03,29,877లో ఉన్న కామాలను బట్టి మాత్రం విడగొట్టకండి, మనం లక్షలు, కోట్ల ప్రకారం రెండేసి అంకెలకు పెడతాం కదా, ఇక్కడ 40, 329, 877 అని చూడాలి. 877 − 329 + 40 = 588, ఇది 7తో పోతుంది, 11, 13లతో పోదు. 1729 చూడండి, 729 − 1 = 728, 7తోనూ 13తోనూ పోతుంది, అంటే 1729 = 7 × 13 × 19. రామానుజన్ సంఖ్యగా ఇంత పేరున్నదాన్ని కూడా పైకి చూసి ప్రధాన సంఖ్యేమో అనుకునేవాళ్లున్నారు.

13, 17, 19లకు సూత్రాలు గుర్తుపెట్టుకోనక్కర్లేదు, అప్పటికప్పుడు తయారు చేసుకోవచ్చు. ఆ ఎక్కంలో చివర 1 గానీ 9 గానీ ఉన్న సంఖ్య వెతకండి. 17 × 3 = 51, చివర 1 ఉంది కాబట్టి చివరి అంకెను 5తో గుణించి తీసేయాలి. 13 × 3 = 39, చివర 9 ఉంటే పై పదికి వెళ్లండి, 40, కాబట్టి 4తో గుణించి కలపాలి. 19కి 20, అంటే 2తో గుణించి కలపాలి. 23కి 69 ఉంది, అంటే 7తో గుణించి కలపాలి.

ఇవి చేతిలో ఉంటే 397 ప్రధాన సంఖ్యా అన్న ప్రశ్న నోటిమీద తేలిపోతుంది. 20 × 20 = 400 కాబట్టి 19 వరకు ఉన్న ప్రధాన సంఖ్యలు చూస్తే సరిపోతుంది. 2, 5 కావు, అంకెల మొత్తం 19 కాబట్టి 3 కాదు. 7కి 39 − 14 = 25, కాదు. 11కి 7 − 9 + 3 = 1, కాదు. 13కి 39 + 28 = 67, కాదు. 17కి 39 − 35 = 4, కాదు. 19కి 39 + 14 = 53, అదీ కాదు. 397 ప్రధాన సంఖ్యే.