పక్కింటి పెరడు మా కెమెరాలో పడకుండా ఎలా ఆపానంటే

మా గేటు మీది కెమెరాలో పక్కింటివాళ్ల బట్టల దండెం, కుళాయి కూడా పడుతున్నాయి. "తల ఆరబెట్టుకోవాలన్నా మీ కెమెరా వంక చూసుకోవాల్సొస్తోంది బాబూ" అన్నారు పిన్నిగారు. న్యాయమే.

కెమెరా తిప్పితే గేటు పోయింది. లెన్స్ మీద సగం టేపు అంటిస్తే రాత్రి ఇన్‌ఫ్రారెడ్ వెలుగు తిరిగి కొట్టి బొమ్మంతా తెల్లబడింది. ఫోన్ యాప్‌లో వెతికితే ఏమీ దొరకలేదు.

చివరికి డీవీఆర్‌ని (కెమెరా బొమ్మల్ని రికార్డ్ చేసే పెట్టె) టీవీకి కలిపి, మౌస్ తగిలించి చూస్తే కెమెరా సెట్టింగుల్లో 'ప్రైవసీ మాస్క్' (బొమ్మలో మనం గీసిన చోటుని నల్లగా కప్పేసేది) కనిపించింది. ముందు అది ఆన్ చేశా. ప్రహరీ అంచు నుంచి వాళ్ల గుమ్మం దాకా, దండెం మొత్తం మునిగేలా మౌస్‌తో డబ్బా గీశా. 'అప్లై' నొక్కా (మొదటిసారి మర్చిపోయా, డబ్బా మాయం!). పది నిమిషాలాగి రికార్డింగ్ వేసి చూస్తే అక్కడ నల్లగానే ఉంది. ఆడియో కూడా ఆపేశా. పాత రికార్డింగుల మీద మాస్క్ పడదు కాబట్టి హార్డ్‌డిస్క్ ఫార్మాట్ కొట్టి, అప్పుడు పిన్నిగారిని పిలిచి టీవీలో చూపించా.

నాది కదలని కెమెరా. తిరిగే రకానికి డబ్బా కూడా తిరుగుతుందా అన్నది మోడల్‌ని బట్టి; గీశాక ఒకసారి తిప్పి చూసుకోండి.