రెండు వాక్యాల మధ్య సంబంధం తేల్చడం ఎలా?

కంప్యూటర్‌కు భాష నేర్పేవాళ్లు మనకు రెండు వాక్యాలు ఇచ్చి, మొదటిది నిజమైతే రెండోది ఏమవుతుందో చెప్పమంటారు. జవాబులు మూడే. రెండోది కూడా నిజమై తీరాల్సిందే అయితే ఎంటైల్‌మెంట్. నిజమయ్యే వీలే లేకపోతే కాంట్రడిక్షన్. ఎటూ చెప్పలేకపోతే న్యూట్రల్. చూడ్డానికి బిట్ పేపర్‌లా ఉంటుంది కాబట్టి చాలామంది గబగబా టిక్కులు పెట్టేసి ఫైలంతా పాడు చేస్తారు.

దీనికి ఒక ఎక్సెల్ షీటు చాలు. రెండు వాక్యాలకు రెండు కాలమ్‌లు, లేబుల్‌కు, అంటే ఆ మూడింటిలో మీరిచ్చే జవాబుకు ఒకటి, కారణానికి ఒకటి. కారణం ఒక్క ముక్కలో రాయలేకపోతే ఆ లేబుల్ పెట్టకూడదు.

ముందు మొదటి వాక్యాన్ని నిజమని ఒప్పేసుకోండి. ‘ముగ్గురు పిల్లలు చెరువు గట్టు మీద గాలిపటాలు ఎగరేస్తున్నారు’ అని ఉందనుకుందాం. ‘పిల్లలు ఆరుబయట ఉన్నారు’ అంటే ఎంటైల్‌మెంట్, ‘గట్టు మీద ఎవరూ లేరు’ అంటే కాంట్రడిక్షన్, ‘వాళ్లు అన్నదమ్ములు’ అంటే న్యూట్రల్. ఇంతవరకు ఎవరూ తప్పు చేయరు.

అసలు చిక్కు న్యూట్రల్‌కూ కాంట్రడిక్షన్‌కూ మధ్య. ‘లక్ష్మి పొద్దున టీ తాగింది’, ‘లక్ష్మి పొద్దున కాఫీ తాగింది’. ఈ జతకు పదిమందిలో ఎక్కువమంది కాంట్రడిక్షన్ అంటారు. కాదు. ఆరింటికి టీ తాగి, ఎనిమిదింటికి ఎవరింట్లోనో కాఫీ తాగి ఉండొచ్చు. రెండు వాక్యాలూ నిజమయ్యేలా అలాంటి చిన్న కథ ఒకటి చెప్పగలిగితే అది కాంట్రడిక్షన్ కాదు.

అయితే కథ అల్లడానికీ హద్దుండాలి. ‘పడవ గోదావరిలో మునిగింది’, ‘పడవ కృష్ణలో మునిగింది’ అన్నప్పుడు ‘అవి వేరే పడవలేమో’ అంటూ పోతే ప్రపంచంలో ఏ రెండు వాక్యాలూ విరుద్ధం కావు. మనిషి, వస్తువు, సమయం రెండింట్లోనూ ఒకటే అనుకోవాలి. ఒకే పడవ ఒకేసారి రెండు నదుల్లో మునగదు కాబట్టి ఇది కాంట్రడిక్షనే. 2015లో స్టాన్‌ఫర్డ్ యూనివర్సిటీవాళ్లు ఇలాంటి 5,70,000 ఇంగ్లిష్ జతలతో ఎస్ఎన్ఎల్ఐ అనే డేటాసెట్ తయారుచేసినప్పుడు ఫొటోల కింది వర్ణనలను మొదటి వాక్యాలుగా వాడారు. రెండు వాక్యాలూ ఒకే దృశ్యం గురించే అన్నమాట. అక్కడైతే లక్ష్మి చేతిలో ఉన్నది టీ అయితే కాఫీ కాదు. అందుకే వాక్యాలు ఎక్కడి నుంచి వచ్చాయో తెలుసుకోకుండా లేబుల్ పెట్టకండి.

తెలుగులో ఇంకో గండం ఉంది. ‘పెళ్లికి అందరూ రాలేదు’ అంటే కొందరే వచ్చారనా, ఒక్కరూ రాలేదనా? పక్కన ‘కొందరు వచ్చారు’ అని ఉంటే, ఒక అర్థంలో ఎంటైల్‌మెంట్, ఇంకో అర్థంలో కాంట్రడిక్షన్. ఊహించి టిక్కు పెట్టకండి, వాక్యాన్నే మార్చి రాయండి. ఇంగ్లిష్ జతలను మెషీన్‌తో తెలుగు చేయించడం నాకు గిట్టనిది ఇందుకే. 2018లో వచ్చిన ఎక్స్ఎన్ఎల్ఐ అనే ఇలాంటి డేటాసెట్‌లో 15 భాషలున్నాయి. హిందీ, ఉర్దూ ఉన్నాయి, తెలుగు లేదు. తర్వాత వచ్చిన ఇండిక్ఎక్స్ఎన్ఎల్ఐలో తెలుగు ఉంది కానీ అది మెషీన్ అనువాదమే. ఇంగ్లిష్‌లో స్పష్టంగా ఉన్న వాక్యం తెలుగులోకొచ్చేసరికి రెండర్థాల వాక్యమైపోతే, లేబుల్ మాత్రం పాతదే మిగులుతుంది. తెలుగులో పుట్టిన వాక్యాలతో చేసిన వంద జతలు దానికన్నా మేలు.

‘చెప్పాడు’, ‘తెలుసు’ ఉన్నచోట ఆగి చదవండి. ‘రవి ఊరెళ్లాడని సీత చెప్పింది’ అంటే రవి వెళ్లాడని తేలదు. ‘వెళ్లాడని సీతకు తెలుసు’ అంటే తేలుతుంది.

జతలు మీరే రాస్తుంటే, చివర్లో మొదటి వాక్యాన్ని మూసి రెండోదే చదవండి. లేబుల్ ఇట్టే తెలిసిపోతే తిరగరాయండి. కాంట్రడిక్షన్ కావాలనగానే ‘లేదు’, ‘ఎవరూ’ తగిలించే అలవాటు అందరికీ ఉంటుంది. ఎస్ఎన్ఎల్ఐలో రెండో వాక్యం ఒక్కటే చూపినా మెషీన్ సుమారు 67 శాతం సరిగ్గా చెప్పేసిందని 2018లో పరిశోధకులు చూపించారు. అది భాష అర్థమై చెప్పడం కాదు, మన అలవాట్లను పట్టేయడం.

తర్వాత అవే జతలను మరో నలుగురికి విడివిడిగా ఇవ్వండి, మీ లేబుల్ చూపకుండా. ఐదుగురిలో ముగ్గురైనా ఒకే మాట అంటేనే ఉంచండి. ముగ్గురు కలవని జతపై వాదన పెట్టుకోకుండా తీసేయండి.