గేట్లు ఎత్తారని చూడ్డానికి బయల్దేరుతున్నారా?

2025 సెప్టెంబర్ చివర్లో మూసీ నది హైదరాబాద్ ఎంజీబీఎస్ బస్టాండులోకి వస్తే, ప్రయాణికులను తాళ్లు పట్టించి బయటికి తెచ్చిన రాత్రి గుర్తుందా? పైన గండిపేట, హిమాయత్‌సాగర్ జలాశయాల గేట్లు ఎత్తారు. మర్నాడు జనం ఆ గేట్లు చూడ్డానికి పిల్లలతో బయల్దేరారు! మళ్లీ వానలొస్తున్నాయి కాబట్టి చెబుతున్నా.

ఈత రాకపోతే లోతుకు వెళ్లొద్దని చెప్పక్కర్లేదు. నేను ఏటా చూసే తప్పు ఒకటే. గేట్లకు దిగువన, "మోకాలి లోతే కదా" అని దిగడం.

1908 వరద ఊరిని ముంచాక విశ్వేశ్వరయ్య సలహాతో కట్టినవి ఈ రెండూ. గండిపేట 1920లో, హిమాయత్‌సాగర్ 1927లో పూర్తయ్యాయి. వరదను ఆపి, కొద్దికొద్దిగా వదలడం వాటి పని. మన నెత్తిన చినుకు లేకపోయినా వికారాబాద్ వైపు దంచితే ఇక్కడికి వచ్చే నీళ్లు పెరుగుతాయి. ఎత్తిన రెండు గేట్లు కాస్తా ఆరు అవుతాయి. మీరు దిగినప్పటి మోకాలి లోతు, సెల్ఫీ తీసుకునేసరికి ఉండదు.

2014 జూన్‌లో హిమాచల్ ప్రదేశ్‌లోని బియాస్ నదిలో ఫొటోలు దిగుతున్న హైదరాబాద్ ఇంజనీరింగ్ పిల్లలు 24 మంది లార్జి డ్యామ్ వదిలిన నీళ్లకు కొట్టుకుపోయారు. వాళ్లు ఈతకు దిగలేదు, బండల మీద నిలబడ్డారంతే.

గేట్ల దిగువన బండలెక్కొద్దు. పాచి ఉంటుంది, పారే నీళ్లలో కాలు జారితే మోకాలి లోతు చాలు మనిషిని ఈడ్చుకుపోడానికి. సైరన్ మోగుతుందిలే అనుకోవద్దు, మోగినా ఆ హోరులో వినపడదు. నీళ్లు ఉన్నట్టుండి బురద రంగుకు మారినా, పుల్లలూ చెత్తా కొట్టుకొస్తున్నా చెప్పులు వదిలేసి గట్టెక్కండి. హిమాయత్‌సాగర్ కింద ఔటర్ రింగ్ రోడ్డు (ఓఆర్‌ఆర్) సర్వీస్ రోడ్డు మూసేస్తే మూసేసినట్టే, బారికేడ్ సందులోంచి బండి దూర్చొద్దు. తాగి రావొద్దు. మోకాలి లోతైనా దిగొద్దు. చీలమండ లోతైనా దిగొద్దు. చీకటి పడ్డాక అసలు ఆ వైపే వద్దు. ఎవరైనా కొట్టుకుపోతుంటే వెనకాల దూకొద్దు, తాడో చున్నీయో ఖాళీ డబ్బానో విసిరి 112కి ఫోన్ చేయండి. గేట్లెత్తగానే చేపలొస్తాయని వలలు పట్టుకుని దిగే మహానుభావులకు ఎంత చెప్పినా దండగే. కనీసం సంచి పట్టుకోడానికి పిల్లలను వెంటేసుకుని రాకండి.