జరిమానా ఉత్తర్వు చదవడం ఎలా? మూడో పాఠం: కోట్ల అంకె వెనక లెక్క

గత రెండు పాఠాల్లో ఫిర్యాదు, మార్కెట్‌లో పోటీని కాపాడే భారత పోటీ కమిషన్‌కు చేరడం దగ్గర మొదలుపెట్టి, దాని తరఫున విచారణ జరిపే డైరెక్టర్ జనరల్ నివేదిక దాకా వచ్చాం. ఇప్పుడు ఉత్తర్వు చివరి పేజీల దగ్గరున్నాం. చాలామంది తిన్నగా అక్కడికే దూకి, కోట్ల అంకె చూసి, కాగితం మూసేస్తారు. మర్నాడు పత్రికల్లో శీర్షికకెక్కేదీ ఆ అంకే. నన్నడిగితే దాన్ని అన్నిటికన్నా చివర్న చూడాలి. అది దేని మీద ఎంత శాతమో ముందు వెతకండి. తర్వాత ఆ సొమ్ము ఎవరికి పోతుందో, కట్టకపోతే ఏమవుతుందో చూడండి. ఈ పాఠానికి కాలిక్యులేటర్ కావాలి, దగ్గర పెట్టుకోండి.

శాతం సరే, దేని మీద?

మన పోటీ చట్టం 2002 నాటిది. జరిమానా సంగతి 27వ సెక్షన్‌లో ఉంది. టర్నోవర్ అంటే అమ్మకాల మీద వచ్చిన మొత్తం. మామూలు కేసుల్లో గత మూడు ఆర్థిక సంవత్సరాల సగటు టర్నోవర్‌లో 10 శాతం దాకా వెయ్యొచ్చు. కార్టెల్ అయితే, అంటే పోటీదారులే కుమ్మక్కై ధరలు నిర్ణయించుకున్నా, టెండర్లు తమలో తాము పంచుకున్నా, కొలత మారుతుంది. కుమ్మక్కు సాగిన ఒక్కో ఏడాదికీ ఆ ఏటి లాభానికి మూడు రెట్లు, లేదా టర్నోవర్‌లో 10 శాతం, ఏది ఎక్కువైతే అంత దాకా. ఈ "దాకా" కింద గీత గీసుకోండి. చట్టం చెప్పేది గరిష్ఠ పరిమితి ఒక్కటే. అసలు అంకెను కమిషన్ ఆ లోపల ఎక్కడో నిర్ణయిస్తుంది.

సరే, టర్నోవర్ అంటే ఏ టర్నోవర్? కంపెనీ అమ్మే సమస్త సరుకులదా, తప్పు జరిగిన సరుకుదా? ఈ ప్రశ్న తేలడానికి ఒక కేసు సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. ఇందులోని అంకెలతో లెక్క నేర్చుకోవచ్చు కనుక కాస్త నిదానంగా చూద్దాం.

భారత ఆహార సంస్థ గోదాముల్లో ధాన్యానికి పురుగు పట్టకుండా అల్యూమినియం ఫాస్ఫైడ్ బిళ్లలు వాడుతుంది. వాటి కోసం 2009లో పిలిచిన టెండర్‌లో ఎక్సెల్ క్రాప్ కేర్, యునైటెడ్ ఫాస్ఫరస్, సంధ్యా ఆర్గానిక్ కెమికల్స్ మూడూ ఒకే ధర కోట్ చేశాయి: కిలో 388 రూపాయలు. ఇది కుమ్మక్కేనని 2012లో కమిషన్ తేల్చి, సగటు టర్నోవర్‌లో 9 శాతం చొప్పున జరిమానా వేసింది. ఎక్సెల్‌కు పడింది 63.90 కోట్లు, యునైటెడ్ ఫాస్ఫరస్‌కు 252.44 కోట్లు.

ఇప్పుడు కాలిక్యులేటర్ తీయండి. 63.90ని 0.09తో భాగిస్తే 710 వస్తుంది. అంటే కమిషన్ లెక్కలోకి తీసుకున్నది సుమారు 710 కోట్ల టర్నోవర్, కంపెనీ మొత్తం వ్యాపారం. మరుసటి ఏడాది అప్పీలు ట్రైబ్యునల్ ఆ జరిమానాను 2.92 కోట్లకు తగ్గించింది. దీన్నీ 0.09తో భాగించండి, సుమారు 32 కోట్లు. అంటే బిళ్లల అమ్మకం మాత్రమే. శాతం 9 దగ్గరే ఉంది, తప్పు జరిగిందన్న నిర్ధారణా అలాగే ఉంది, మారిందల్లా శాతం కింద పెట్టిన మొత్తం. యునైటెడ్ ఫాస్ఫరస్ 252.44 కోట్లు కూడా అదే దారిలో 6.94 కోట్లకు దిగింది. 2017 మే నెలలో సుప్రీంకోర్టు ఈ పద్ధతినే సమర్థించింది: ఏ సరుకు విషయంలో తప్పు జరిగిందో ఆ సరుకు టర్నోవరే లెక్కకు రావాలి.

అక్కడితో కథ ముగియలేదు. 2023 సవరణలో పార్లమెంటు టర్నోవర్ నిర్వచనాన్ని తిరగరాసింది. జరిమానా కోసం టర్నోవర్ అంటే అన్ని సరుకులు, సేవల మీద ప్రపంచవ్యాప్తంగా వచ్చినదంతా. 2024 మార్చిలో కమిషన్ జారీచేసిన మార్గదర్శకాలు మధ్యే మార్గం పట్టాయి. ముందు సంబంధిత సరుకు (తప్పు జరిగిన సరుకు) సగటు టర్నోవర్‌లో 30 శాతం దాకా జరిమానా లెక్కగడతారు. అది ప్రపంచ టర్నోవర్‌లో 10 శాతం పరిమితి దాటితే పరిమితి దగ్గర ఆపేస్తారు. సంబంధిత టర్నోవర్ విడదీయడం కుదరని చోట ప్రపంచ టర్నోవర్‌నే పట్టుకుంటారు.

ఈ రెండు మెట్లూ ఎలా పనిచేస్తాయో ఊహాజనితమైన రెండు కంపెనీలతో చూద్దాం. రెండిటి మీదా ఆధిపత్య దుర్వినియోగం, అంటే మార్కెట్ మీద తమ పెత్తనాన్ని అన్యాయంగా వాడుకోవడం, రుజువైందనుకోండి. మొదటిదానికి ప్రపంచ టర్నోవర్ సగటున 4,000 కోట్లు, అందులో సంబంధిత సరుకుది 600 కోట్లు. 30 శాతం లెక్కన 180 కోట్లు. పరిమితి 400 కోట్లు కనుక దానితో పనిపడలేదు. రెండోది చిన్నది, 500 కోట్ల టర్నోవర్ అంతా ఆ ఒక్క సరుకు మీదే. 30 శాతం అంటే 150 కోట్లు, కానీ పరిమితి 50 కోట్లే. అక్కడ ఆగిపోతుంది. ఒకే సరుకు మీద బతికే కంపెనీని పరిమితి కాపాడుతుంది, పది రకాల వ్యాపారాలున్నదానికి ఆ రక్షణ దొరకదు. ఇది సబబేనా అని అడిగితే, ఒకే సరుకు మీద బతికేది ఆ దెబ్బకు మూతపడితే మార్కెట్‌లో పోటీ ఇంకా తగ్గుతుంది కనుక నాకు సబబుగానే తోస్తుంది. వాదించేవాళ్లు వాదించవచ్చు.

సొమ్ము ఎవరికి?

పోటీ చట్టం కింద వసూలైన జరిమానా భారత సంచిత నిధికి, అంటే సర్కారు ఖజానాకు పోతుంది. ఎక్కువ ధర కట్టి నష్టపోయిన కొనుగోలుదారుకు అందులో పైసా రాదు. వాళ్లు పరిహారం కోసం 53ఎన్ సెక్షన్ కింద అప్పీలు ట్రైబ్యునల్‌లో వేరే దరఖాస్తు పెట్టుకోవాలి. కొన్ని దేశాల్లో ఒకే ఒప్పందంలో జరిమానా, పరిహారం రెండూ కలిసి వస్తాయి. 2025 సెప్టెంబరులో అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్‌తో అమెజాన్ తన ప్రైమ్ సభ్యత్వాల వివాదం మీద రాజీకి వచ్చినప్పుడు మొత్తం 250 కోట్ల డాలర్లు. అందులో జరిమానా 100 కోట్లు, మిగతా 150 కోట్లు వినియోగదారులకు వాపసు. వార్త చదివేటప్పుడు ఈ రెండు ముక్కల్నీ విడదీసి చూడకపోతే, బాధితులకు ఏం దక్కిందో తెలియదు.

జైలు ఎప్పుడు?

మన పోటీ చట్టంలో కార్టెల్ నడిపినందుకు నేరుగా జైలు లేదు. కమిషన్ ఉత్తర్వును ధిక్కరిస్తే ఉంది. 42వ సెక్షన్ ప్రకారం కమిషన్ ఫిర్యాదు చేస్తే ఢిల్లీ చీఫ్ మెట్రోపాలిటన్ మేజిస్ట్రేట్ మూడేళ్ల దాకా జైలు, లేదా 25 కోట్ల దాకా జరిమానా, లేదా రెండూ విధించవచ్చు. అందుకే ఉత్తర్వులో "ఇకపై ఈ పని మానుకోవాలి" అన్న పేరా జరిమానా పేరా కన్నా బరువైనది. దాన్ని దాటి పోకండి.

వినియోగదారుల రక్షణ చట్టం, 2019లో పద్ధతి వేరు. తప్పుదోవ పట్టించే ప్రకటనకు కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ 21వ సెక్షన్ కింద 10 లక్షల దాకా జరిమానా వెయ్యగలదు, మళ్లీ చేస్తే 50 లక్షల దాకా. ప్రకటనలో కనిపించిన ప్రముఖుల్ని ఏడాది పాటు, మళ్లీ పట్టుబడితే మూడేళ్లు, ఇతర ప్రకటనల్లో నటించకుండా ఆపగలదు. పెద్ద కంపెనీకి 10 లక్షలు ఒక లెక్కా అని మీరనుకోవచ్చు, నిజమే. కానీ ఆ ఆదేశాన్ని పాటించకపోతే 88వ సెక్షన్ కింద ఆరు నెలల దాకా జైలు, 20 లక్షల దాకా జరిమానా ఉన్నాయి. తప్పుడు ప్రకటనకే 89వ సెక్షన్ రెండేళ్ల దాకా జైలు చెబుతుంది. అయితే ఈ ప్రాసిక్యూషన్లు మీరో నేనో కోర్టుకెళ్తే మొదలు కావు. ప్రాధికార సంస్థ, లేదా అది అధికారమిచ్చిన అధికారి ఫిర్యాదు చేస్తేనే కోర్టు స్వీకరిస్తుంది.

మామూలు మనిషి చేతిలో ఉన్న ఆయుధం 72వ సెక్షన్. మీరు జిల్లా వినియోగదారుల కమిషన్‌లో గెలిచారు, అవతలివాడు డబ్బు ఇవ్వడం లేదు అనుకోండి. 71వ సెక్షన్ కింద ఆ ఉత్తర్వును సివిల్ డిక్రీలాగా అమలు చేయించి ఆస్తి జప్తు అడగవచ్చు. 72 కింద శిక్ష అడగవచ్చు: నెల రోజులకు తక్కువ కాకుండా మూడేళ్ల దాకా జైలు, లేదా 25 వేలకు తక్కువ కాకుండా లక్ష దాకా జరిమానా, లేదా రెండూ. జప్తు నోటీసు పట్టించుకోనివాడికి కూడా 72 కింద సమన్లు వస్తే కదలక తప్పదు.

అమెరికాలో కార్టెల్ నడపడమే నేరం. 1890 నాటి షెర్మన్ చట్టం కింద మనిషికి పదేళ్ల దాకా జైలు, కంపెనీకి 10 కోట్ల డాలర్ల దాకా జరిమానా. వేలం సంస్థలు సదబీస్, క్రిస్టీస్ 1990లలో అమ్మకాల మీద తీసుకునే కమిషన్ రేట్లు కుమ్మక్కై పెంచిన కేసు చూడండి. క్రిస్టీస్ ముందుగా పత్రాలు అప్పగించి శిక్ష తప్పించుకుంది. సదబీస్ 4.5 కోట్ల డాలర్లు కట్టింది. దాని ఛైర్మన్ ఆల్ఫ్రెడ్ టాబ్‌మన్‌కు 2002లో ఏడాది ఒక రోజు జైలు, 75 లక్షల డాలర్ల జరిమానా పడ్డాయి. ఆయన మీద సాక్ష్యం చెప్పిన సదబీస్ సీఈవో డయానా బ్రూక్స్ జైలుకు వెళ్లలేదు, ఆరు నెలలు గృహ నిర్బంధంలో ఉంది.

ముందుగా నోరు విప్పినవాడికి మాఫీ దొరకడం మన దగ్గరా ఉంది, పోటీ చట్టం 46వ సెక్షన్ కింద. 2018లో డ్రై సెల్ బ్యాటరీల కేసులో పానాసోనిక్‌కు నూరు శాతం మాఫీ అయింది, ఎవరెడీకి 171.55 కోట్లు పడ్డాయి. కాబట్టి ఏ ఉత్తర్వులోనైనా జరిమానా సున్నా అని కనిపిస్తే ఆ కంపెనీ నిర్దోషి అనుకోకండి. తరచుగా సమాచారం ఇచ్చింది అదే అయివుంటుంది.

అప్పీలు

దీని గురించి రెండే ముక్కలు. ఉత్తర్వు మీద 60 రోజుల్లో జాతీయ కంపెనీ లా అప్పీలు ట్రైబ్యునల్‌కు వెళ్లవచ్చు. 2023 సవరణ తర్వాత జరిమానాలో 25 శాతం ముందుగా జమ చేస్తేనే అప్పీలు వింటారు. వార్త చదివిన రోజున మీరు చూసే అంకె ఇంకా వసూలు కాలేదని గుర్తుంచుకుంటే చాలు.

అభ్యాసం

గూగుల్ మీద కమిషన్ 2022 అక్టోబరులో ఐదు రోజుల తేడాతో రెండు ఉత్తర్వులు ఇచ్చింది. 20న ఆండ్రాయిడ్ కేసులో 1,337.76 కోట్లు, సగటు టర్నోవర్‌లో 10 శాతం. 25న ప్లే స్టోర్ బిల్లింగ్ కేసులో 936.44 కోట్లు, 7 శాతం. మొదటిదాన్ని 0.10తో, రెండోదాన్ని 0.07తో భాగించండి. వచ్చిన రెండు అంకెల్నీ పక్కపక్కన రాసి, రెండు వేర్వేరు ఆరోపణలకు కమిషన్ ఏ మొత్తాన్ని పట్టుకుందో ఒక వాక్యంలో రాయండి. తర్వాత, 2025 మార్చిలో ట్రైబ్యునల్ ప్లే స్టోర్ జరిమానాను 216.69 కోట్లకు తగ్గించింది. శాతం 7 దగ్గరే ఉందనుకుని దీన్నీ భాగించి, కింద పెట్టిన మొత్తం ఎంతకు దిగిందో, ఎందుకు దిగి ఉంటుందో బిళ్లల కేసు దృష్టిలో పెట్టుకుని రాయండి. జవాబులు నాలుగో పాఠం మొదట్లో సరిచూద్దాం. ఆ తర్వాత జరిమానా లేకుండా ముగిసే సెటిల్‌మెంట్లు, హామీల సంగతికి వెళ్దాం.